కిడ్నీ మార్పిడిలో నొప్పికి నరాల బ్లాక్: రోగి, దాత, ఇంటివాళ్ళు ఎలా సిద్ధం కావాలి

ఆపరేషన్‌కు ముందు నన్ను కలవడానికి వచ్చే కుటుంబాలు చాలా ప్రశ్నలు అడుగుతాయి. క్రియాటినిన్ ఎన్నాళ్ళకు దిగుతుంది, దాతకు తర్వాత ఇబ్బంది ఏమైనా ఉంటుందా, ఖర్చు ఎంతవుతుంది అని. నొప్పి గురించి మాత్రం అడగరు. నేనే ఆ మాట ఎత్తితే, "మూడేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్ సూదులు ఓర్చుకున్నాడండీ, ఇదొక లెక్కా" అంటారు.

నేను మత్తు డాక్టరుని. పుట్టింది రాజోలు వైపు. మా వాళ్ళ ఓర్పు ఎంతటిదో నాకు తెలుసు. కానీ కిడ్నీ మార్పిడిలో ఆ ఓర్పే చేటు తెస్తుంది. నొప్పికి జడిసి గట్టిగా ఊపిరి తీయని మనిషి దగ్గలేడు, లేచి నడవలేడు, ఛాతీలో కఫం పేరుకుంటుంది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాడికి న్యుమోనియా వస్తే అది చిన్న సంగతి కాదు. అమలాపురం నుంచో, పాలకొల్లు నుంచో, ముమ్మిడివరం లంకల నుంచో ఈ ఆపరేషన్ కోసం కాకినాడకో, రాజమహేంద్రవరానికో, విజయవాడకో, విశాఖకో బయలుదేరబోతున్నవాళ్ళ కోసం, గాయం నుంచి నొప్పి మోసుకుపోయే నరాలను కొన్ని గంటలు మొద్దుబరిచే నరాల బ్లాక్ గురించి ఇది రాస్తున్నాను.

ముందు తెలుసుకోవలసింది: మామూలు నొప్పి మందులు ఇక్కడ ఎందుకు కుదరవు

కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలు తెరుచుకుని ఉండడానికి శరీరం కొన్ని రసాయనాలను తయారుచేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటి మందులు నొప్పితో పాటు ఆ రసాయనాలనూ ఆపేస్తాయి. మార్పిడి తర్వాత శరీరం కిడ్నీని తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ ఎటూ ఆ నాళాలనే ముడుచుకునేలా చేస్తుంది. రెండూ కలిస్తే కొత్త కిడ్నీకి రక్తం తగ్గిపోతుంది.

మార్ఫిన్‌తో ఇబ్బంది వేరు. కాలేయం దాన్ని విడగొట్టగా వచ్చే పదార్థం మూత్రంలో బయటికి పోవాలి. పాత కిడ్నీలు పనిచేయవు. కొత్త కిడ్నీ ఒక్కోసారి ఆపరేషన్ బల్ల మీదే మూత్రం పోయడం మొదలుపెడుతుంది, ఒక్కోసారి పని మొదలుపెట్టడానికి రోజులు తీసుకుంటుంది. ఈలోగా ఆ పదార్థం ఒంట్లోనే నిలిచిపోయి మగత పెంచుతుంది, ఊపిరిని నెమ్మదింపజేస్తుంది. అదే కోవకు చెందిన పెథిడిన్ అయితే ఫిట్స్ కూడా తెప్పించగలదు. ఫెంటానిల్ వీటికంటే నయం, పారాసిటమాల్ తగిన మోతాదులో మంచిది. అయితే సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల గాయానికి ఒక్క పారాసిటమాల్ చాలదు.

ఇక్కడే నరాల బ్లాక్ అక్కరకొస్తుంది. డెల్టా వాళ్ళకు దీన్ని చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర కాలువల తలుపులు దించేస్తే కాలువలన్నీ ఎండుతాయి. మీ చేను తూము ఒక్కటే మూస్తే మీ చేనుకు మాత్రమే నీళ్ళు ఆగుతాయి, ఊరికి ఏమీ కాదు. మార్ఫిన్ వంటివి మెదడు దగ్గరా, పేగుల దగ్గరా పనిచేస్తాయి కాబట్టి మగత, వాంతులు, మలబద్ధకం అన్నీ వెంట వస్తాయి. బ్లాక్ చేను తూము లాంటిది. గాయం ఉన్న చోటునుంచి కబురు మోసుకుపోయే నరాల దగ్గరే మందు పెడతాం. పన్ను పీకేటప్పుడు దవడకు ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఈ జాతిదే.

ఆపరేషన్‌కు ముందు, మత్తు డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు

ఆ పరీక్షకు అన్ని రిపోర్టులతో పాటు ఒక చిన్న కాగితం కూడా రాసుకుని వెళ్ళండి. డయాలసిస్ అయ్యాక ఉండే బరువు దాని మీద అన్నిటికంటే పైన ఉండాలి. బ్లాక్‌లో వాడే మందు మోతాదును బరువునుబట్టి లెక్కిస్తాం. రోపివకైన్‌ను సాధారణంగా కిలోకు 3 మిల్లీగ్రాములు దాటనివ్వం, బుపివకైన్‌కు ఆ హద్దు ఇంకా తక్కువ. ఒంట్లో నాలుగు కిలోల నీరు చేరి ఉన్నప్పటి బరువు చెబితే లెక్క తప్పుతుంది. డయాలసిస్ సెంటర్‌లో ఆ అంకె ఫైలు మీదే ఉంటుంది, అడిగి రాయించుకోండి.

దాని కింద ఇవి రాయండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతున్నారా, చివరిది ఎప్పుడు వేసుకున్నారు. ఆఖరి డయాలసిస్ ఎప్పుడు, అందులో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చారా. పంటి ఇంజెక్షన్‌కో, కుట్ల ముందు ఇచ్చే ఇంజెక్షన్‌కో ఎప్పుడైనా దద్దుర్లు, కళ్ళు తిరగడం వచ్చాయా. డయాలసిస్ కోసం చేసిన ఫిస్టులా ఏ చేతికి ఉంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. మీకు తెలిసిన సంగతే అయినా మీరు నిద్రలో ఉన్నప్పుడు ఆ చేతిని మరొకరు కాపాడాలి కదా. నడుము పక్కన సెగగడ్డలో, చర్మవ్యాధో ఉంటే చొక్కా ఎత్తి చూపించండి. సూది వెళ్ళేది అటునుంచే.

తర్వాత మీరు అడగవలసినవి. "నాకు నరాల బ్లాక్ చేస్తారా? ఏది? ఒక్కసారి ఇచ్చేదా, సన్నని గొట్టం ఉంచి మందు ఎక్కిస్తూ ఉంటారా? బ్లాక్ ప్రభావం తీరాక ఏ మందు ఇస్తారు?" ఇలా అడిగితే డాక్టరు నొచ్చుకుంటారేమో అని జంకవద్దు. నన్ను ఇలా అడిగిన కుటుంబంతో నేను ఇంకో పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటాను.

వెన్నులో గొట్టం పెట్టి నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ గురించి చాలామంది విని ఉంటారు, ప్రసవాల వల్ల. కిడ్నీ చెడినవాళ్ళలో రక్తం గడ్డకట్టించే ఫలకికలు (ప్లేట్‌లెట్లు) సరిగా అతుక్కోవు, పైగా హెపారిన్. వెన్ను దగ్గర రక్తం కారి గడ్డకడితే కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉంది. బీపీ కూడా పడిపోవచ్చు, కొత్త కిడ్నీ దాన్ని తట్టుకోదు. అందుకే చాలాచోట్ల పొట్ట గోడలో చేసే బ్లాక్‌ల వైపే మొగ్గుతున్నారు. ఫలానాదే కావాలని పట్టుబట్టకండి. మీ రక్త పరీక్షలు చూసిన మనిషి నిర్ణయించవలసిన విషయం అది.

అసలు ఎక్కడ, ఎలా చేస్తారు

కొత్త కిడ్నీని వీపు వైపు పెడతారనుకుంటారు చాలామంది. కాదు. పొత్తికడుపులో ఒక పక్కన, ఎక్కువగా కుడివైపు, తుంటి ఎముక లోపలి గుంటలో పెట్టి, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలకు కలుపుతారు. పాత కిడ్నీలను సాధారణంగా అక్కడే వదిలేస్తారు. గాయం పొత్తికడుపు పక్కన వంపుగా ఉంటుంది. బొడ్డు మట్టం నుంచి గజ్జ దాకా ఉండే నరాలను మొద్దుబరిస్తే ఆ గాయపు నొప్పి చాలావరకు ఆగుతుంది.

పొట్ట పక్క గోడ అరటి బోదెలా పొరలు పొరలుగా ఉంటుంది. మూడు కండరాల పట్టలు ఒకదాని మీద ఒకటి. రెండో పట్టకూ మూడో పట్టకూ మధ్య సందులో ఈ నరాలు నడుస్తాయి. ఆ సందులో మందు పెట్టడమే ట్యాప్ బ్లాక్. దీన్ని తొలిసారి 2001లో వివరించారు. అప్పట్లో చేతి స్పర్శతో, సూది పొర దాటినప్పుడు తెలిసే చిన్న 'టక్'తో చేసేవారు. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో చూస్తూ చేస్తాం. ఇంకా వెనక్కి, నడుము కండరం పక్కన చేసేది క్యూఎల్ బ్లాక్. అది లోపలి నొప్పినీ కొంత తగ్గించవచ్చు. వెన్ను పక్క కండరాల కింద చేసే ఎరెక్టర్ స్పైనే బ్లాక్ 2016లో వచ్చింది. ఇవి ఎంత మేలు చేస్తాయన్న దానిపై పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. ట్యాప్ బ్లాక్‌తో మార్ఫిన్ అవసరం బాగా తగ్గిందని కొన్ని, పెద్ద తేడా లేదని కొన్ని. నా చేతుల మీద చూసినంతవరకు, సరైన పొరలో పడిన బ్లాక్ ఆ మొదటి రాత్రిని మార్చేస్తుంది.

సరైన పొర అన్నది ఎలా తెలుస్తుందో చెబుతాను. సాధారణంగా మీకు పూర్తి మత్తు ఇచ్చాక, కోతకు ముందో, కుట్లు వేశాకో చేస్తాం కాబట్టి మీరు దీన్ని చూడలేరు. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ జెల్లు రాసి అల్ట్రాసౌండ్ పరికరం ఆనిస్తాం. తెర మీద మూడు బూడిదరంగు పట్టీలు, వాటి నడుమ తెల్లని గీతలు. ఒక పక్కనుంచి సూది మెరిసే పుల్లలా లోపలికి వస్తుంది. ముందు ఒకటి రెండు మిల్లీలీటర్లు మాత్రమే పోస్తాం. మందు కండరంలోకి పోతే అక్కడ మసకగా ఉబ్బుతుంది, అంటే సూది తప్పుచోట ఉంది. సందులోకి పోతే రెండు పట్టీలూ విడివడి, వాటి మధ్య నల్లని గుమ్మడి గింజ ఒకటి తెరుచుకుంటుంది. ఆ గింజ కనబడేదాకా నేను మిగతా మందు వదలను. కనబడ్డాక, మధ్యమధ్య సిరంజి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుంటూ, కొంచెం కొంచెంగా సుమారు 20 మిల్లీలీటర్లు పోస్తాం. గింజ సాగి సాగి దోసగింజంత సన్నగా రెండు వైపులా పాకిపోతుంది. మొత్తం పది నిమిషాల పని.

మొదటి రాత్రి

ఈ రాతలో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే ఉంటే అది ఈ భాగం. ఒక్కసారి ఇచ్చిన బ్లాక్ సాధారణంగా 8 నుంచి 12 గంటలు పనిచేస్తుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి చేసిన బ్లాక్ అర్ధరాత్రి దాటాక తీరిపోవచ్చు. వార్డులో మనుషులు తక్కువగా ఉండే వేళ అది. సాయంత్రం హాయిగా మాట్లాడిన మనిషి రాత్రి రెండింటికి ఒక్కసారిగా పళ్ళు బిగిస్తాడు. నొప్పి ఒకసారి ఎక్కి కూర్చున్నాక దించడానికి ఎక్కువ మందు కావాలి.

కాబట్టి ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి వచ్చిన డాక్టరును ఇంటివాళ్ళు అడగవలసిన మాట: "బ్లాక్ ఎన్ని గంటలకు చేశారు?" ఆ టైము చీటీ మీద రాసుకోండి. ఐసీయూలోకి మిమ్మల్ని రానివ్వకపోతే ఆ చీటీని నర్సమ్మకు ఇచ్చి, పారాసిటమాల్ ఎన్ని గంటలకు ఒకసారి రాశారో, అది చాలకపోతే తర్వాత ఏమిటో అడగండి. పారాసిటమాల్ రాసి ఉంటే నొప్పి లేదని దాన్ని మానేయనివ్వకండి. టైము ప్రకారం పడాలి, బ్లాక్ తీరేసరికి అది పనిలో ఉండాలి.

నొప్పి ఎంత అని అడిగితే "ఫరవాలేదండీ" అనకండి. ఆ జవాబుతో మేము ఏమీ చేయలేం. నేను రూపాయి లెక్కన అడుగుతాను: భరించలేని నొప్పి రూపాయి అనుకుంటే, కదలకుండా పడుకుంటే ఎంత, దగ్గితే ఎంత? "పడుకుంటే పావలా, దగ్గితే ముప్పావలా" అన్న జవాబు నాకు బంగారం. దగ్గితే ముప్పావలా ఉన్నవాడు దగ్గడు. అతనికి మందు పెంచాలి.

బ్లాక్ ఏ నొప్పిని ఆపదో కూడా తెలిసి ఉండాలి. మూత్రం గొట్టం వల్ల ఇప్పుడే పోయాలన్నట్టు, మంటగా ఉండే బాధకు ఇది పనిచేయదు, దానికి వేరే మందులున్నాయి. లోపలి నుంచి గుంజే నొప్పి కొంత మిగులుతుంది. ఇవి ఉంటే బ్లాక్ విఫలమైందని బెంగపడవద్దు, ఏ నొప్పో విడదీసి చెప్పండి.

కొన్ని మాత్రం తెల్లారేదాకా ఆగకూడనివి. సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కుతూ ఉన్నప్పుడు పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు వస్తే వెంటనే పిలవండి, మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతోందన్నమాట. దానికి విరుగుడుగా కొవ్వు ద్రావణం ఇస్తారు, బ్లాక్ చేసే ప్రతిచోటా అది అందుబాటులో ఉండాలి. అలాగే కిడ్నీ పెట్టినచోట కొత్తగా, తీవ్రంగా నొప్పి మొదలై, వాపు కనిపించినా, సంచిలో మూత్రం ఉన్నట్టుండి తగ్గినా, బ్లాక్ తీరిందిలే అని సర్దిచెప్పుకోకండి. రక్తస్రావమో, నాళంలో గడ్డో కావచ్చు. సర్జన్ వచ్చి చూడాలి.

మరునాడు మొదటిసారి మంచం దిగేటప్పుడు ముందు కూర్చుని ఉండగానే రెండు మోకాళ్ళూ చాచి చూడండి. మందు కిందికి పాకి ఒక్కోసారి తొడ నరాన్ని కూడా మొద్దుబరుస్తుంది. కాలు బరువుగా ఉంటే లేవవద్దు, కొన్ని గంటల్లో తగ్గుతుంది. మొద్దుబారిన చోట వేడినీళ్ళ సంచి, కాపడం, ఘాటైన లేపనం ఏదీ పెట్టకూడదు. ఎంత కాలుతోందో చర్మానికి తెలియదు, బొబ్బ వచ్చాక చూసుకుంటారు. ఈ సంగతి పెద్దవాళ్ళకు మరీ మరీ చెప్పండి, ప్రేమకొద్దీ చేస్తారు.

దగ్గేటప్పుడు మడిచిన దుప్పటినో, చిన్న దిండునో గాయం మీద రెండు చేతులతో అదిమి పట్టుకోండి. మూడు బంతుల ఊపిరి పరికరం ఇస్తారు, మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు పీల్చండి.

దాతను మరిచిపోకండి

మా వైపు దాతల్లో ఎక్కువమంది తల్లులు, భార్యలు. ఒకసారి సాయంత్రం రౌండ్లకు వెళితే, ఐసీయూ అద్దం దగ్గర కుటుంబమంతా కొడుకు కోసం గుమిగూడి ఉంది. రెండు గదుల అవతల కిడ్నీ ఇచ్చిన తల్లి ఒక్కతే పడుకుని ఉంది. చీర కొంగు మడిచి పళ్ళ మధ్య పెట్టుకుంది. దగ్గు వచ్చినప్పుడల్లా దాన్ని కొరుకుతోంది. కొంగు అంచు తడిసి నలిగిపోయింది. "ఎలా ఉందమ్మా?" అంటే, "వాడు మూత్రం పోస్తున్నాడా బాబూ?" అంది. ఆమెకు బ్లాక్ తీరి రెండు గంటలైందని చార్టు చూశాక నాకు తెలిసింది. ఆమె ఎవరికీ చెప్పలేదు.

దాతకు కిడ్నీని లాప్రోస్కోపీతో తీసినా, దాన్ని బయటికి తేవడానికి పొత్తికడుపులో ఒక కోత తప్పదు. పొద్దున ఆరోగ్యంగా నడిచి వచ్చిన మనిషి కాబట్టి ఆమెకు సాయంత్రం నొప్పి మరింత వింతగా, పెద్దగా తోస్తుంది. దాతకూ బ్లాక్ చేస్తారా అని ముందే అడగండి, ఆమె బ్లాక్ టైము కూడా వేరే చీటీ మీద రాయండి. పొట్టలోకి ఎక్కించిన గ్యాసు వల్ల భుజం నొప్పి వస్తుంది, అది గుండె నొప్పి అని కంగారుపడతారు. బ్లాక్ దాన్ని ఆపదు, లేచి నాలుగడుగులు వేస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మొదటి రాత్రి దాత దగ్గర ఒక మనిషి తప్పక ఉండాలి. ఐసీయూ బయట నలుగురు నిలబడి చేసేదేమీ లేదు.

ఇంటికి వచ్చాక

ఇంటికి వచ్చేసరికి బ్లాక్ మాట ఎప్పుడో ముగిసి ఉంటుంది. గాయం లాగుతూ ఉంటుంది, గతుకుల రోడ్డు మీద ప్రయాణం తర్వాత ఇంకొంచెం. కారులో సీటు బెల్టుకూ పొట్టకూ మధ్య ఒక మెత్తని తువ్వాలు పెట్టుకోండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఊళ్ళో రాత్రిపూట వచ్చే నొప్పి. ఇంటివాళ్ళు చూడలేక దగ్గరలోని ఆర్‌ఎంపీని పిలుస్తారు. ఆయన మంచి మనసుతోనే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తాడు. లేదా మెడికల్ షాపులో "నొప్పి బిళ్ళ" అని అడిగి తెస్తారు. పట్టీ మీద పారాసిటమాల్ అని కనబడగానే నిశ్చింత పడకండి. దాని పక్కన అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, నిమెసులైడ్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో వెనక తిప్పి చదవండి, ఉంటే వెనక్కి ఇచ్చేయండి. ఆస్పత్రిలో రాసిన నొప్పి మందు సరిపడా తెచ్చుకోండి. లంకల్లో ఉండేవాళ్ళు జూలై, ఆగస్టు నెలల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. 2022 జూలై వరదలప్పుడు కోనసీమ లంకలు ఎలా మునిగాయో చూశాం. పడవ కోసం ఎదురుచూసే రోజుల్లో నొప్పి మందులే కాదు, టాక్రోలిమస్ ఒక్క పూట కూడా తప్పకూడదు.

ఇంకొకటి, తోటల సీమ కాబట్టి చెప్పాలి. పంపర పనస తినవద్దు, అది టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచేస్తుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) సరే అన్నాకే ముట్టండి, పెరట్లో చెట్టే ఉన్నా సరే.

చివరగా, అట్టముక్క మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: "నాకు కిడ్నీ మార్పిడి జరిగింది. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్, నిమెసులైడ్ ఇవ్వకండి. నా డాక్టరుకు ఫోను చేయండి." కింద నంబరు. ఫోను కవరు వెనక పెట్టుకోండి. కిడ్నీ ఇచ్చిన తల్లికి ఇంకొకటి రాసి పెట్టండి, "నాకు ఒక్కటే కిడ్నీ ఉంది" అని మొదలుపెట్టి. ఆమె మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపుకు వెళ్ళేది ఆమే కదా.